కాలేబ్, మాథ్యూ కుమారుడు

బాగన్ దాతుక్
మార్చి 9

శ్రీమతి క్యారల్‌కు మోసెస్ వ్రాయునది.

నీవు ఇంగ్లండు నుండి మలేషియాకు తిరిగి వచ్చి పోర్ట్ క్లాంగులో నీ తల్లి దాలమ్మ దగ్గర ఉంటున్నావనీ, నీ రెండవ భర్త కూడా నీతోనే ఉన్నాడనీ మూడేళ్ళ క్రిందటే విన్నాను. రెండు గంటల దారి. నీవు రాలేదు, నేను పిలవలేదు. ఆ సంగతి ఇప్పుడు ఎత్తను. ఈ ఉత్తరానికి కారణం వేరు.

మొన్న ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత తమిళ ముస్లింల మామక్ టీకొట్టులో కూర్చుని ఉండగా, వెంకటరావు తన ఫోను నా ముఖం ముందు పెట్టాడు. "మాస్టారూ, ఈడు మీ మనవడే గదా? సూడండి, ఎలాగ పరుగెడతన్నాడో!" అన్నాడు. చూశాను. ఇంగ్లండులో థార్న్‌వెల్ అనే చిన్న ఊరి ఫుట్‌బాల్ జట్టు. నాలుగో శ్రేణి పోటీలట. ఎడమ వైపు వెనుక కాపు కాసే ఆటగాడు, మూడో నంబరు. మెడ కాస్త వంచి నడిచే ఆ తీరు నా కుమారుడిదే, అనుమానం లేదు. ఇంతలో ఆ పిల్లవాడు అటు తిరిగాడు. వీపు మీద పెద్ద అక్షరాలతో "హార్ట్‌లీ" అని ఉంది.

"హార్ట్‌లీ అంటే ఎవరు మాస్టారూ?" అని వెంకటరావు పదిమంది ముందు అడిగాడు. నేను టీ ముట్టకుండా లేచి వచ్చాను.

క్యారల్, నీకు తెలియనిది కాదు గాని మరొకసారి చెబుతాను. కూలీలుగా ఈ దేశం వచ్చిన మన పూర్వుల ఇంటిపేర్లు తోటల రిజిస్టర్లలోనే పోయాయి. దొర దగ్గరి గుమాస్తా మనిషి పేరు, తండ్రి పేరు మాత్రమే వ్రాసుకున్నాడు. అందుచేత నేను మోసెస్, యాకోబు కుమారుడిని. నా కుమారుడు మాథ్యూ, మోసెస్ కుమారుడు. వాడి బిడ్డ కాలేబ్, మాథ్యూ కుమారుడు. ఈ పద్ధతిలో మనిషి పేరు అతని తరువాత ఒక్క తరం మాత్రమే నిలుస్తుంది. ఆ ఒక్క తరం ఆ పిల్లవాడే. పోర్టు రోడ్డు మీద ఇరవై ఏళ్ళ క్రిందట చనిపోయిన నా బిడ్డకు ఈ లోకంలో మిగిలిన చోటు ఆ వీపు మాత్రమే. దాని మీద పరాయివాడి పేరు వ్రాయించడానికి నీకు ఎవరు అధికారమిచ్చారు?

వచ్చే ఆటలోగా ఆ చొక్కా మీద "మాథ్యూ" అని ఉండాలి. ప్రత్యుత్తరం తెలుగులో వ్రాయి. చర్చిలో శనివారపు తరగతిలో నా దగ్గర ఆరేళ్ళు చదువుకున్నదానివి. ఇంగ్లీషులో వస్తే విప్పను.

మోసెస్


పోర్ట్ క్లాంగ్
మార్చి 21

మావయ్యగారికి క్యారల్ వందనాలు.

మీ ఉత్తరం అందింది. అమ్మకు చదివి వినిపించాను. "పన్నెండేళ్ళకి గురుతొచ్చినామా?" అని అటు తిరిగి పడుకుంది.

కాలేబ్‌కు పదకొండేళ్ళప్పుడు నా భర్త పీటర్ వాణ్ణి చట్టప్రకారం దత్తత తీసుకున్నాడు. అప్పటివరకు మా ముగ్గురికీ మూడు పేర్లు. నా పేరు వెనక మా నాన్న పేరు, వాడి పేరు వెనక వాళ్ళ నాన్న పేరు, పీటర్‌కు వాళ్ళ ఇంటిపేరు హార్ట్‌లీ. బడిలో, ఆసుపత్రిలో, విమానాశ్రయంలో ప్రతిచోటా ఆపి, ఈ పిల్లవాడు మీకు ఏమవుతాడని అడిగేవాళ్ళు. నర్సు ఉద్యోగానికి పరాయి దేశం వెళ్ళినదాన్ని. నా కొడుకు నా కొడుకే అని ఎన్నిసార్లు రుజువు చేసుకోను? క్లబ్బులో వాడు పదహారేళ్ళకు చేరినప్పుడు ఆ పేరుతోనే నమోదయ్యాడు. సీజను మధ్యలో మార్చడం కుదరదు.

వాళ్ళ నాన్న ఎవరో కాలేబ్‌కు తెలుసు. మాథ్యూ ఫోటో వాడి గదిలో ఉంది. పీటర్ పరాయివాడు కాడు. బస్సు డ్రైవరు పని చేసుకుంటూ, పదేళ్ళపాటు ప్రతి శనివారం ఆ పిల్లవాణ్ణి వానలో మైదానానికి తీసుకెళ్ళిన మనిషి.

అధికారం ఎవరిచ్చారని అడిగారు. దత్తతకు ముందు మీకు నేను ఒక ఉత్తరం రాశాను. మీరు మరిచిపోయారేమో. నేను ఎత్తను.

క్యారల్


బాగన్ దాతుక్
ఏప్రిల్ 6

క్యారల్‌కు,

పిల్లవాణ్ణి వానలో మైదానానికి తీసుకెళ్ళడం పితృత్వం కాదు. అది రవాణా. ఆ లెక్కన మా బడి వ్యాను డ్రైవరు కణ్ణన్‌కు రెండువందల మంది సంతానం.

విమానాశ్రయంలో ఎవరో ప్రశ్న అడిగారని తండ్రి పేరు తీసేస్తారా? అడిగినవాడికి జవాబు చెప్పాలి. జవాబు చెప్పే ఓపిక లేక పిల్లవాడి జన్మనే దిద్దుకున్నారు. నీ ఉత్తరంలో తప్పులున్నాయి, ఈసారికి విడిచిపెడుతున్నాను. ఆ పెద్ద తప్పు ముందు ఇవి ఏపాటివి!

ఇప్పుడు ప్రతి ఆటా వెంకటరావు ఫోనులో చూస్తున్నాను, చొక్కా మారిందా లేదా అని తెలుసుకోవడానికి మాత్రమే. మారలేదు. చొక్కా కోసమే చూస్తున్నప్పటికీ, ఆ కోచ్ అనే మనిషికి బుద్ధి లేదన్న సంగతి నా కంట పడకపోలేదు. ఎడమ పక్క నుంచి మన పిల్లవాడు అంత చక్కగా బంతి అందిస్తూ ఉంటే, ముందున్న ఆ పొడుగువాడు ఆకాశంలోకి తంతున్నాడు. నా తరగతిలో అయితే బెంచీ మీద నిలబెట్టేవాణ్ణి.

నీవు చేయనని తేలిపోయింది. చేయవలసినది నేను చేస్తాను.

మోసెస్


పోర్ట్ క్లాంగ్
మే 17

మావయ్యగారికి,

కోపాలు పక్కన పెట్టి రాస్తున్నాను. కాలేబ్ జట్టు ఫైనల్ ఆడటానికి లండన్ వెంబ్లీ మైదానానికి వెళ్తోంది!

ఆ పద్ధతి ఇలా ఉంటుంది. సీజనంతా నలభై ఆరు ఆటలు. మొదటి మూడు జట్లు నేరుగా మూడో శ్రేణికి ఎక్కుతాయి. నాలుగు నుంచి ఏడు దాకా వచ్చిన నాలుగు జట్లు ప్లేఆఫ్ ఆడి, అందులో గెలిచిన ఒక్క జట్టు వాళ్ళ వెనక ఎక్కుతుంది. థార్న్‌వెల్ చివరి రోజున ఒక్క గోల్ తేడాతో ఏడో స్థానంలోకి వచ్చింది. శుక్రవారం సెమీఫైనల్ పెనాల్టీల దాకా పోయింది. నేను చూడలేక స్నానాలగదిలో కూర్చున్నాను. పీటర్ బయటినుంచి ఒక్కొక్కటీ అరిచి చెప్పాడు. నాలుగోది కాలేబ్ కొట్టాడు. గోల్!

ఫైనల్ ఈ నెల 31, ఆదివారం, మన రాత్రి ఎనిమిదికి. ఎదుటి జట్టు బ్రాక్‌స్టన్. గెలిస్తే వాడికి రెండేళ్ళ ఒప్పందం, పై శ్రేణిలో ఆట. ఓడితే జూన్‌లో సగం మందిని పంపించేస్తారట. ఇరవైమూడేళ్ళ పిల్లవాడికి ఆ ఒక్క సాయంత్రంలో అంతా ఉంది.

నిన్న ఫోనులో "అమ్మా, తాత సూస్తాడా?" అని అడిగాడు. ఇక్కడికి రండి మావయ్యగారూ. అందరం కలిసి చూద్దాం. అమ్మ కూడా "రమ్మను లా, ముసిలోడు ఒక్కడే ఏటి సూస్తాడు" అంది.

క్యారల్


బాగన్ దాతుక్
మే 20

క్యారల్‌కు,

ఆహ్వానానికి సంతోషం. మాట చివర ఆ మలయా 'లా' తగిలించడం మీ అమ్మ ఇంకా మానలేదన్నమాట. అయితే పిల్లవాడు వెంబ్లీలో లక్షమంది ఎదుట ఆ పేరుతో నిలబడటానికి వీలులేదు. అందుచేత చర్య తీసుకున్నాను.

నలభై ఒక్క ఏళ్ళు సర్కారు బడిలో పనిచేసినవాణ్ణి. కాగితం ఎలా నడపాలో తెలుసు. "ఆటగాడి పేరు తప్పుగా నమోదైన విషయం" అని శీర్షిక పెట్టి, మూడు పేజీల వినతిపత్రం క్లబ్బు కార్యదర్శికి ఇంగ్లీషులో టైపు చేశాను. కాలేబ్ జనన ధ్రువపత్రం నకలు మీద తెలుక్ ఇంతాన్ వెళ్ళి ముద్ర వేయించాను. ఫోటోస్టాట్ కొట్టులో విజయలెచ్చుమి వాటిని ఈమెయిలులో పంపింది.

ఏకపక్షంగా ఉండరాదని లీగు కార్యాలయానికి ఒక నకలు, ఎదుటి జట్టు బ్రాక్‌స్టన్ కార్యదర్శికి ఒక నకలు పంపాను. మన కొలువులో పద్ధతి అదే కదా: విషయంతో సంబంధమున్న ప్రతివారికీ ఉత్తరం అడుగున నకలు. నిజం చెప్పాలంటే ఆ బ్రాక్‌స్టన్ వారి పట్ల నాకు సానుభూతి ఉంది. నలభై ఆరు ఆటలు ఆడి ఐదో స్థానం సంపాదించినవారు, ఏడో స్థానంలో ఉన్నవారితో మళ్ళీ పరీక్ష వ్రాయాలా? ఇదెక్కడి న్యాయం? కనీసం సమాచారమైనా వారికి న్యాయంగా అందాలి.

ఇక చొక్కా మారుతుంది. మారిన తరువాత నేను వస్తాను.

మోసెస్


పోర్ట్ క్లాంగ్
మే 24

మావయ్యగారూ,

మీరు నేర్పిన తెలుగు ఇక నాకక్కర్లేదు. మా అమ్మ తెలుగులో రాస్తాను.

ఏటి సేసినారో మీకు తెలిసినాదా? బ్రాక్‌స్టన్ వాళ్ళు మీ కాగితం పట్టుకొని లీగు ఆఫీసుకి పోయినారు. 'ఈ ఆటగాడి పేరు తప్పని సొంత తాతే రాసినాడు, ముద్రేసిన సర్టిఫికెట్టు ఉన్నాది, ఈడెవడో తేల్చకుండా ఆడనివ్వొద్దు' అని. ఎదుటి జట్టుకి నకలా! దొంగకి తాళం సెవి పంపి, న్యాయంగా పంపినాను అంటన్నారా!

తేలేదాకా కోచ్ ఆణ్ణి జట్టుతో కలవనివ్వడం లేదు. ఆడి జాగాలో ఇంకో కుర్రాడికి నేర్పిస్తన్నాడు. నలబయ్యారు ఆటలాడిన నా కొడుకు మైదానం ఎనక ఒక్కడే గోడకి బంతి తన్నుకుంటన్నాడు. నిన్న ఏడిసినాడు. "అమ్మా, తాతకి నేనంటే ఇష్టం లేదా?" అన్నాడు. ఆడికొచ్చిన తెలుగు ముక్కలు పదో పన్నెండో. అందులో 'తాత' ఒకటి.

మాథ్యూ పేరు, మాథ్యూ పేరు అంటన్నారే, ఆ పేరు మీ నోటితో పలికింది ఎప్పుడు? టీచరు ట్రైనింగు మానేసి పోర్టులో ఫోర్క్‌లిఫ్ట్ తోలడానికి వచ్చినాడని, ఆ కంపెనీ జట్టులో బంతాట ఆడతన్నాడని ఏడేళ్ళు 'ఆ మనిషి' అన్నారు. మా పెళ్ళికి రాలేదు, 'ఆ మనిషి పెళ్ళి' అన్నారంట. కాలేబ్ పుడితే 'ఆ మనిషికి కొడుకా' అన్నారంట. లారీ గుద్ది పోయినాక ఇప్పుడు ఆ మనిషి మాథ్యూ అయిపోనాడా?

ఎత్తనన్న ఉత్తరం ఇప్పుడు ఎత్తుతన్నాను. దత్తతకి ముందు నాలుగు పేజీలు రాసినాను మీకు. 'మాథ్యూ పేరు పోతాది మావయ్యా, నాకు బాధగా ఉన్నాది, మీరు వద్దంటే ఆపేస్తాను' అని. మీరేటి సేసినారు? ఎర్ర సిరాతో తప్పులు దిద్ది తిప్పి పంపినారు. జవాబు ఒక్క ముక్క లేదు. పరీక్ష కాగితంలాగ! వద్దని ఒక్క మాట రాసుంటే ఇయ్యాల ఆ సొక్కా మీద మాథ్యూయే ఉండును.

దత్తత కాగితాలు మేం పంపినాం. గాని ఫిర్యాదు ఇచ్చినోళ్ళే వాపసు తీసుకోవాలంట. 'కాలేబ్ హార్ట్‌లీ అన్నదే ఆడి చట్టబద్ధమైన పేరు' అని మీ సేత్తో ఒక్క వాక్యం. గురువారం లోపల. రాయకపోతే మీకు మనవడు లేడు.

ఇలాగ రాయొద్దు, పెద్దాయన, నెమ్మదిగా సెప్పు అన్నాడు పీటర్. నేను నెమ్మదిగా సెప్పను లా.

క్యారల్


బాగన్ దాతుక్
మే 26

అమ్మా క్యారల్,

నీ ఉత్తరం మధ్యాహ్నం రెండింటికి అందింది. మూడింటికి విజయలెచ్చుమి కొట్టులో ఉన్నాను. పంపిన కాగితం సారాంశం ఇది:

"కాలేబ్ హార్ట్‌లీ అన్నది ఆ ఆటగాడి చట్టబద్ధమైన పేరు. అతడు పీటర్ హార్ట్‌లీ కుమారుడు. నా ఫిర్యాదు తప్పు, దానిని ఉపసంహరించుకుంటున్నాను."

అడిగినది ఒక్క వాక్యం. రెండవ వాక్యం ఎవరూ అడగలేదు. అది వ్రాయకుండా మిగిలినవి వ్రాస్తే మళ్ళీ ఏ కొంటెవాడో సందు వెతుకుతాడని వ్రాశాను. టైపు మిషను మీద ఆ ఒక్క వరుస కొట్టడానికి అరగంట పట్టింది. విజయలెచ్చుమి "ఏటి మాస్టారూ, ఒంట్లో బాగులేదా?" అని మంచినీళ్ళు ఇచ్చింది. ఆ పిల్ల మీద కసిరాను. ఆమె ఏం చేసింది పాపం!

నీ పాత ఉత్తరాన్ని నేను మరచిపోలేదు. నాలుగుసార్లు చదివాను. వద్దనే హక్కు నేను ఏనాడో పోగొట్టుకున్నానని నాకు తెలుసు. సరే అని వ్రాయడానికి చేయి రాలేదు. ఎర్ర సిరా కలం చేతిలో ఉంది. చేయి తనకు అలవాటైన పని చేసింది. పోస్టు చేసిన మరుక్షణం వెనక్కి తీసుకోవాలనిపించింది. తీసుకోలేదు. నీవు మళ్ళీ వ్రాస్తావనుకున్నాను. నీవు ఎందుకు వ్రాస్తావు?

ఎవరి మీద కోపం వచ్చినా వాళ్ళను తరగతి బయట నిలబెట్టేవాణ్ణి. ఇప్పుడు నన్ను ఎక్కడ నిలబెట్టుకోవాలో తెలియడం లేదు.

పిల్లవాణ్ణి ఆడనిచ్చారో లేదో ఒక్క ముక్క తెలియజేయి.

మోసెస్


పోర్ట్ క్లాంగ్
జూన్ 4

మావయ్యగారికి,

మీరు చూసే ఉంటారు. అయినా రాస్తున్నాను.

గురువారం సాయంత్రం లీగు ఆఫీసు అభ్యంతరం కొట్టేసింది. కాలేబ్ ఆడవచ్చు అన్నారు. కాని కోచ్ అప్పటికే ఆ రెండో కుర్రాడితో వారమంతా తయారుచేసుకున్నాడు. "మూడు రోజుల ముందు మార్చలేను" అన్నాడట. వెంబ్లీలో మా వాడు బెంచీ మీద కూర్చున్నాడు.

ముప్ఫయ్యో నిమిషంలో ఆ కుర్రాడు కాలు జారాడు. ఎడమ వైపు నుంచే బ్రాక్‌స్టన్ వాడు దూరి గోల్ కొట్టాడు. కాలేబ్ కాపు కాసే వైపు అది. పీటర్ లేచి బయటికి వెళ్ళి, కారు తుడిచాడు. శుభ్రంగా ఉన్న కారును. ఎనభైమూడో నిమిషంలో కాలేబ్‌ను మైదానంలోకి దింపారు. నాలుగు నిమిషాల్లో వాడు అందించిన బంతి గోల్ అయింది. అమ్మ మంచం మీద నుంచి "అదీ!" అని కేక వేసింది. అదనపు సమయంలో బ్రాక్‌స్టన్ మళ్ళీ ఒకటి కొట్టింది. రెండు ఒకటి. అయిపోయింది.

మీ వల్ల ఓడిపోయారని నేను అనను. అనకుండా ఉండటం చాలా కష్టంగా ఉంది. క్లబ్బు వాడికి ఒక్క ఏడాది ఒప్పందం ఇచ్చింది, అదే నాలుగో శ్రేణిలో. గెలిచి ఉంటే రెండేళ్ళు.

నేను మిమ్మల్ని క్షమించలేదు. ఎప్పటికి చేస్తానో తెలియదు. వాడికి మాత్రం మీ మీద కోపం లేదు. అదే నాకు ఇంకా కోపం. మీరు రాసిన మూడు వాక్యాలు లీగు ఆఫీసులో వాడికి చూపించారట. అవి చదివి నాకు ఫోను చేశాడు. తరవాత ఒకటి అడిగాడు.

"నాన్న ఎలా ఆడేవాడు?"

నాకు తెలియదు. నేను చూసేనాటికి మోకాలు దెబ్బతిని, పోర్టు జట్టులో వారానికొక అరగంట ఆడేవాడు. ఆటంటే అప్పట్లో నాకేమీ తెలియదు కూడా. తోటలో, కుర్రతనంలో ఎలా ఆడేవాడో చెప్పగలవాళ్ళు మీరొక్కరే. మీ క్వార్టర్స్ ఎదుటే కదా మైదానం.

రాయండి. పూతలు పూయకుండా, నిజం రాయండి. నేను ఇంగ్లీషులోకి మార్చి వాడికి పంపుతాను.

క్యారల్


బాగన్ దాతుక్
జూన్ 14

క్యారల్‌కు, పీటర్‌కు,

కాలేబ్ ప్రశ్నకు నిజమైన జవాబు: నాకు తెలియదు.

మైదానం మా క్వార్టర్స్ ఎదుటే. సాయంత్రం ఐదున్నరకు ఆట మొదలయ్యేది. ఐదుంబావుకు నేను ఆ వైపు కిటికీ మూసి, దీపం పెట్టుకుని నోటుపుస్తకాలు దిద్దేవాణ్ణి. కేకలు వినబడేవి. ఎవరి కోసం కేకలు వేస్తున్నారో తెలుసుకోవాలని ఒక్కనాడూ అనుకోలేదు. నా బిడ్డ పదేళ్ళు ఆడాడు. ఒక్క ఆట కూడా నేను చూడలేదు.

ఈ జవాబు ఇలాగే పంపడానికి సిగ్గుపడి, పది రోజులు ఆగాను. నిన్న వెంకటరావు మోటారుసైకిలు వెనక కూర్చుని శివనేశన్ దగ్గరికి వెళ్ళాను. తోట జట్టులో మాథ్యూతో కలిసి ఆడినవాడు. నా దగ్గరే చదివాడు. ఇప్పుడు కొబ్బరికాయల వ్యాపారం. కాయలు ఒలిచే కత్తి పట్టుకుని దుకాణం ముందు ఉన్నాడు. సంగతి చెప్పి, నా కుమారుడు ఎలా ఆడేవాడని అడిగాను.

వాడు కత్తి కింద పెట్టలేదు. "ఇప్పుడా అడగతారు మాస్టారూ? ఆడు పోయి ఇరవయ్యేళ్ళు అయినాది!" అన్నాడు. నేను తల వంచుకుని నిలబడ్డాను. కొంతసేపటికి స్టూలు చూపించి కూర్చోమన్నాడు.

శివనేశన్ చెప్పినవి ఇవి. మాథ్యూది ఎడమ కాలు. మెడ వంచుకుని నేల చూస్తూనే పరుగెత్తేవాడు; చుట్టూ ఎవరున్నారో ఎలా తెలిసేదో ఎవరికీ తెలియదు. బూట్లు చినిగితే రబ్బరు పట్టీ చుట్టుకుని ఆడేవాడు. ఎదుటివాణ్ణి పడగొడితే తానే లేపేవాడు. జోకులు వేసి గోల్‌కీపరును నవ్వించి గోల్ కొట్టేవాడు. ఒక్కటే లోపం: బంతి ఎవరికీ ఇచ్చేవాడు కాడు.

"అందుకేగా ఫైనల్ పోనాది!" అని అక్కడ శివనేశన్ లేచి నిలబడ్డాడు. తెలుక్ ఇంతాన్‌లో తోటల కప్పు ఫైనల్. ఒకటి సున్నా, మనవాళ్ళు వెనకబడి ఉన్నారు. ఇంకా రెండు నిమిషాలున్నాయి. "మీ వోడు మన గోల్ కాడ బంతి తీసుకొని, మైదానమంతా పరుగెట్టినాడు. ముగ్గుర్ని దాటేసినాడు. నేను గోల్ ముందు ఒక్కణ్ణే, ఖాళీగా! 'మాథ్యూ, డేయ్, ఇక్కడ! ఇక్కడ డా!' అని గొంతు సించుకున్నాను. ఇచ్చినాడా? సొంతంగా కొట్టినాడు. గోల్ కర్రకి తగిలి బయటికి పోనాది. నాకిచ్చుంటే ఆట సమానం, అదనపు టైములో కప్పు మనది! ఇయ్యాల్టికీ నాకు కడుపు మండతాది మాస్టారూ!"

క్యారల్, నాకు ఏమైందో నాకే తెలియదు. నేనూ లేచి నిలబడ్డాను.

"నీకిచ్చి ఉంటే నువ్వేం చేసేవాడివిరా?" అన్నాను. "ఆరో తరగతి నుంచి చూశాను నిన్ను. స్కేలు పెట్టి గీత గీయమంటే వంకరగా గీసేవాడివి. నువ్వు కొట్టి ఉంటే కర్రకు కూడా తగిలేది కాదు. కొబ్బరి తోటలో పడేది!"

"ఖాళీ గోల్ మాస్టారూ! ఖాళీ గోల్! మా అమ్మ కూడా కొట్టును!"

"మీ అమ్మ కొట్టేది. నువ్వు కొట్టేవాడివి కాదు. ముగ్గుర్ని దాటినవాడికి నాలుగోవాణ్ణి నమ్మవలసిన అవసరం ఏమిటి? మాథ్యూ చేసినదే సరి!"

రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు ఆగారు. వెంకటరావు నా చెయ్యి పట్టుకుని "మాస్టారూ, బీపీ, బీపీ" అంటున్నాడు. శివనేశన్ కత్తిని కాయల మీద విసిరికొట్టి, నా ముఖంలో ముఖం పెట్టి అరిచాడు.

"ఒక్క ఆట సూసినారా మీరు? ఒక్కటి? సూడకుండా ఏటి మాట్లాడతారు?"

"చూడలేదు!" అని నేనూ అరిచాను. "చూడలేదురా! అయినా మాథ్యూ చేసినదే సరి!"

మోసెస్